గవ్వల వెనక చప్పుడు

నేను ఒక బాల్ జాయింటును. పేరు విని మొహం తిప్పుకోకండి. కారు కొనేవాళ్లు రంగు అడుగుతారు, మైలేజీ అడుగుతారు, పాటలు బాగా వినిపిస్తాయా అని అడుగుతారు. నా గురించి అడిగినవాళ్లను నా జన్మలో చూడలేదు. అందుకే నా పరిచయం నేనే చేసుకోవాల్సి వస్తోంది.

కారు ముందు చక్రాన్ని మోసే ఇనుప దిమ్మ ఒకటి ఉంటుంది. బండి అడుగు నుంచి దాని వైపు చాచిన చేయి ఒకటి ఉంటుంది. ఆ రెంటినీ కలిపి పట్టుకునే కీలును నేను. పిడికిట్లో పట్టేంతవాణ్ని. ఒక చిన్న గిన్నె, ఆ గిన్నెలో తిరిగే గుండ్రటి తల, తలకు ఒక పొడుగాటి మెడ, అంతే నేను. మీ భుజం దగ్గర ఎముక ఎలా తిరుగుతుందో ఒకసారి చెయ్యి తిప్పి చూసుకుంటే నా సంగతి తెలిసిపోతుంది. చక్రం గుంతలో దిగినా, రాయెక్కినా, మలుపు తిరిగినా దానితోపాటు నేనూ తిరగాలి, కానీ కారును వదలకూడదు. వదిలానంటే చక్రం బయటికి వాలిపోతుంది, బండి ముక్కు నేలకు కొట్టుకుంటుంది, ఆ తరవాత కారు ఎటు పోతుందన్నది స్టీరింగు పట్టుకున్నవాళ్ల చేతిలో ఉండదు. ఇంత పని ఇంత చిన్నవాడి నెత్తిన పెట్టి మనుషులు హాయిగా పాటలు వింటూ పోతారు. వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలో, వాళ్లను చూసి జాలిపడాలో నాకిప్పటికీ తేలలేదు.

నేను పుట్టింది తమిళనాడులో ఒక కార్ఖానాలో. ఎర్రగా కాలిన కడ్డీగా ఉన్నప్పటి సంగతులు సరిగా గుర్తులేవు. గుర్తున్నంతవరకూ అన్నీ దెబ్బలే. ఆ తరవాత నా తలను నున్నగా చెక్కి గిన్నెలో కూర్చోబెట్టారు, చుట్టూ గ్రీజు కూరారు, దుమ్మూ నీళ్లూ చొరబడకుండా రబ్బరు తొడుగు వేశారు. మెడ చివర మరలు, ఆ మరల్లో అడ్డంగా ఒక సన్నటి బెజ్జం. నట్టు ఊడిపోకుండా అందులో పిన్ను దూర్చి వంచుతారు. ఆ బెజ్జాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో దానితో పనిపడుతుంది.

అన్నీ అయ్యాక ఒకామె నన్ను అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో మెడను అటూ ఇటూ వంచి చూసింది. బిగుతుగా ఉన్నాను. తలాడించి పెట్టెలో వేసింది. నువ్వు బాగున్నావా అని నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. రెండో మనిషి దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది.

నాతోపాటే అదే అచ్చులో ఇంకొకడు పుట్టాడు. ఇద్దరినీ ఒకే కారుకు బిగించారు, వాణ్ని డ్రైవరు పక్క, నన్ను క్లీనరు పక్క. కారులో క్లీనరు ఎవరూ ఉండరు కానీ, ఎడమ పక్కకు మెకానిక్కులు లారీల నుంచి తెచ్చిపెట్టుకున్న పేరు అది. ఒకే ఇంట్లో నాలుగడుగుల దూరంలో ఉండి ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా బతికాం. మన రోడ్ల మీద ఎడమ చక్రం బతుకు కొంచెం వేరు. ఎదురుగా లారీ వస్తే మట్టిలోకి దిగేది ఎడమ చక్రమే, తారు అంచు విరిగిన చోట పడేదీ అదే. వాడికంటే ముందు నేనే అరిగిపోతానని మొదటి వానాకాలానికే అర్థమైంది.

మా మొదటి యజమాని హనుమకొండలో ఒక ప్లీడరు. కొన్న రోజున కారును గుడి ముందు నిలబెట్టి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నడిపారు. నా పక్కది చిట్లి కాస్త పులుపు నా మీద చిందింది. ఆ వేడుకలో నాకు దక్కిన ప్రసాదం అదే. ప్లీడరుగారు ఆదివారం ఆదివారం కారును మెత్తటి గుడ్డతో తుడిచి, దుప్పటి కప్పి, ఆ దుప్పటినీ దులిపేవారు. కోర్టులో ఆయన నడుము ఎన్నిసార్లు వంగేదో నాకు తెలియదు కానీ, కారు దగ్గర మాత్రం ఒక్కసారీ వంగలేదు. వంగి ఉంటే నేను కనిపించేవాణ్ని.

ఆయన కొత్త కారు కొనుక్కుని మమ్మల్ని పరకాలలో ఒక డ్రైవింగు స్కూలుకు అమ్మేశారు. అక్కడ నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. నేర్చుకునేవాళ్లకు రోడ్డు మీద గుంత తప్ప ఇంకేదీ కనిపించదు, కనిపించిన గుంతలోకే నేరుగా పోతారు. పక్కన కూర్చున్న మాస్టారు "మెల్లగ, మెల్లగ" అని జపం చేసేవారు. జపంతో ఏ బండీ మెల్లగా పోయినట్టు నేను చూడలేదు. ఒక పెళ్లికొడుకు ముహూర్తానికి ముందే డ్రైవింగు నేర్చుకోవాలని వచ్చి, మమ్మల్ని కిరాణా కొట్టు మెట్ల మీదికి ఎక్కించాడు. మెట్టు అంచు గీసుకుని నా రబ్బరు తొడుగు చిరిగింది. వేలెడంత చిరుగు. కొట్టు ముందు పగిలిన గాజు సీసాల గురించి చాలాసేపు గొడవ జరిగింది. నా చిరుగు సంగతి ఎవరికీ తెలియలేదు.

ఆ స్కూల్లో నేర్చుకున్నవాళ్లందరిలో నాకు నచ్చిన మనిషి స్వరూప. చెరువు కట్ట అవతల ఎర్రగుంటపల్లెలో సర్కారు బడి ఉంది, అందులో హిందీ టీచరు. గేరు మార్చేటప్పుడు బండికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు మార్చేది. ఆమె కారు నేర్చుకోవడం సరదా కోసం కాదు. ఆమె బావగారు, అంటే భర్త ఓదెలుకు అన్న సమ్మయ్య, బైపాసు రోడ్డు మీద మోటారు సైకిలు మీంచి పడి చనిపోయాడు. దినాలు అయిన మర్నాడు అత్తగారు రాజవ్వ వాకిట్లో నిలబడి ఒకటే మాట అన్నదట: "ఈ ఇంట్ల ఇంకెవ్వరు రెండు చక్రాల బండెక్కద్దు." ఓదెలు తన బండి అమ్మేసి, మోటార్లకు వైండింగు చేసే తన దుకాణానికి నడిచిపోవడం మొదలుపెట్టాడు. స్వరూప స్కూటీ అమ్మేసి డ్రైవింగు స్కూల్లో చేరింది. స్కూలువాళ్లు ఈ కారు అమ్ముతున్నారని తెలిసి, వేరే బండి క్లచ్చు తన కాలికి పట్టదని చెప్పి, దీన్నే కొనిపించింది. అలా మేం ఆ ఇంటికి చేరాం.

కారు ఇంటికొచ్చిన రోజే రాజవ్వ నల్లదారానికి గవ్వలు గుచ్చి, ముందు బంపరుకు ఆ చివర నుంచి ఈ చివరకు దండ కట్టింది. దిష్టి తగలకుండా. లారీలకూ ఆటోలకూ రెండు మూడు గవ్వలు కట్టడం మీరు చూసే ఉంటారు. రాజవ్వ కట్టింది పెళ్లిపందిరి తోరణమంత. అమావాస్య వచ్చిందంటే దండ విప్పి, పసుపు నీళ్లలో గవ్వలు కడిగి, కొత్త దారానికి గుచ్చి, పొద్దున్నే మళ్లీ కట్టేది. ఏ ఒక్క రోజూ కారును గవ్వలు లేకుండా గడప దాటనివ్వలేదు. స్వరూప బయల్దేరేటప్పుడు గేటు దగ్గర నిలబడి "పైలం బిడ్డా" అనేది. ఆ పక్క జాగ్రత్త అనడానికి పైలం అంటారు. ఆ మాట ఆమె నోట్లోంచి వస్తుంటే, చక్రం వెనక ఉన్న నేను కూడా కాస్త బిగుసుకునేవాణ్ని.

కానీ బిగుసుకోవడం నా చేతిలో ఎన్నాళ్లుంటుంది? చిరిగిన తొడుగులోంచి వానాకాలం నీళ్లు వచ్చాయి, ఎండాకాలం ఇసక వచ్చింది. గ్రీజు కొట్టుకుపోయింది. గిన్నెలో నేను తిరిగినప్పుడల్లా ఇసక నన్ను గీకేది. మెల్లగా గిన్నె పెద్దదైంది, నా తల చిన్నదైంది, రెంటి మధ్య ఖాళీ వచ్చింది. మెకానిక్కులు దాన్ని 'ప్లే' అంటారు. ఆట అన్నమాట. ఆడుకునే వయసంతా దాటిపోయాక నాకు ఆట వచ్చింది. చక్రం గుంతలో పడ్డప్పుడల్లా నా తల గిన్నెకు కొట్టుకుని 'టక్' మనేది.

ఆ టక్కే నా గొంతు. ఇంకో మాట మాట్లాడటం నాకు రాదు. ఊడిపోబోతున్నాను, చూడండి అని చెప్పడానికి నాకున్నది ఆ ఒక్క చప్పుడే. నేను టక్ మన్నప్పుడల్లా నా ముందు జానెడు దూరంలో గవ్వలన్నీ ఒక్కసారి గలగలమనేవి. గుంత వాటికీ గుంతే కదా.

స్వరూపతో పాటు అదే బడికి పోయే టీచర్లు ఇంకో ముగ్గురు మా కారులోనే వచ్చేవారు. ముందు సీట్లో, సరిగ్గా నా నెత్తి మీద, లెక్కల టీచరు జులేఖా మేడం కూర్చునేది. ఒకరోజు ఆమె చెవి పెట్టి విన్నది.

"మేడం, ముందర ఏదో కొట్టుకుంటున్నది."

"గవ్వలు మేడం," అంది స్వరూప నవ్వుతూ. "మా అత్తమ్మ కట్టింది. ఆ సప్పుడు లేకుంటె మేం రోడ్డే ఎక్కం."

అందరూ నవ్వారు. సాయంత్రం స్వరూప ఆ మాట ఓదెలుకు చెప్పింది. ఓదెలు వచ్చి బంపరు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇన్నేళ్లకు ఒక మనిషి వంగాడు. ఆయన చెయ్యి చాచి దండలో వదులైన ముడి ఒకటి చూసుకుని, బిగించి, చేతులు దులుపుకుని లేచాడు. ఆయన వేళ్లకూ నాకూ మధ్య ఎంత దూరమో నేను చెప్పను, చెబితే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక్కడ మీకు చెరువు కట్ట సంగతి చెప్పాలి. ఎర్రగుంటపల్లె పోవాలంటే కట్ట మీద నుంచే పోవాలి. సన్నటి దారి. ఒక పక్క నీళ్లు, ఒక పక్క నిట్టనిలువు పల్లం, అంచున కంచె లేదు. ఇసక లారీలు దాన్ని గుంతలమయం చేశాయి. అంతకుముందు ఆ దారి నాకు మామూలు దారే. ఆట ముదిరాక మాత్రం కట్ట ఎక్కగానే నాకు భయం పట్టుకునేది. పైన నలుగురు ఆడవాళ్లు ప్రశ్నపత్రాల గురించి, చుక్కకూర పప్పు గురించి, ఎవరింట్లోనో పెళ్లిచూపుల గురించి మాట్లాడుకునేవారు. కింద నేను అరిగిన అంచుతో గిన్నెను పట్టుకుని, ఈ పూటకు దాటించు, ఈ పూటకు దాటించు అని నాకు నేనే చెప్పుకునేవాణ్ని. అరిచీ అరిచీ అలిసిపోయాను. నా అరుపును కప్పేస్తున్నది ఆ ఇంట్లోవాళ్లను అందరికంటే ఎక్కువ ప్రేమించే మనిషి కట్టిన దండ. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

ఎండాకాలం మొదట్లో రాజవ్వకు కంటికి శుక్లం ఆపరేషను అయింది. అమావాస్య వచ్చింది. ఎప్పట్లాగే దండ విప్పి గవ్వలు కడిగింది కానీ, కొత్త కన్ను ఇంకా నీరు కారుతుండటంతో గుచ్చడం సాగలేదు. ఆ రోజే పదో తరగతి పరీక్ష, స్వరూపకు డ్యూటీ ఉంది.

"అత్తమ్మా, ఆలస్యమైతది. ఇయ్యాల్టికి ఇట్లనే పోయొస్త."

"గవ్వలు లేకుంటనా? జెరసేపు ఆగు బిడ్డా."

"పరీక్ష ఆగది గదా అత్తమ్మా."

కారు గడప దాటింది. ఆ రోజు ముందు బంపరు బోసిగా ఉంది, నా ముందు గాలి తప్ప ఏమీ లేదు. సందు చివర మొదటి గుంత వచ్చింది. నా బలమంతా కూడగట్టుకుని టక్ మన్నాను. ఆ పొద్దున్నంతా గుంత గుంతకూ అన్నాను. కారులో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కట్ట మొదట్లో స్వరూప బండి ఆపేసింది.

"గవ్వలు లేవు గదా మేడం ఇయ్యాల," అంది జులేఖా మేడం మెల్లగా.

స్వరూప మళ్లీ గేరు వేసింది. కట్ట దాటినంతసేపూ మనిషి నడిచేంత మెల్లగా నడిపింది, వచ్చేటప్పుడూ అంతే. నాకు మాత్రం ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తొలిసారి ఎవరి చెవినో పడ్డాను.

నా సంతోషం ఇంటి గేటు దాకానే. స్వరూప చెప్పిందంతా విని రాజవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"చూసినవా? ఒక్కపూట తీసినందుకే బండి సప్పుడు జేసింది. ఇన్నొద్దులు జేసిందా? కట్టినంక జేసిందా ఎప్పుడన్న?"

ఆమె లెక్కలో తప్పేమీ లేదు, తలకిందులైంది, అంతే. గవ్వలు ఉన్నన్నాళ్లూ చప్పుడు లేదు, తీసిన రోజు వచ్చింది, కాబట్టి తీసినందుకే వచ్చింది. ఆమె అప్పటికప్పుడు కూర్చుని, నీరు కారే కన్ను కొంగుతో ఒత్తుకుంటూ, దండ గుచ్చి కట్టింది. ఓదెలు కారును వీధిలో రెండు చుట్లు తిప్పుకొచ్చాడు. గలగల తప్ప ఏమీ వినిపించలేదు. దిగి భార్యకేసి చూసి, "సప్పుడు పోయింది" అన్నాడు. కరెంటు మోటారు ఎందుకు కాలిందో వాసన చూసి చెప్పే మనిషి, తల్లి మొహం చూసేసరికి ఇంకేమీ అనలేకపోయాడు.

"పోలేదు," అంది స్వరూప. "మనకు ఇనవడ్తలేదు."

"అవ్వకు ఇప్పుడేం జెప్తవు? ఊకో."

"అత్తమ్మను నేనేం అంటలేను. ముగ్గురు ఆడోళ్లను ఎక్కించుకొని కట్ట మీద పోయేది నేను. ఆ సప్పుడేందో తేలెదాకా నేను బండి తియ్య."

అన్నట్టే తియ్యలేదు. మర్నాటి నుంచి తెల్లవారకముందే లేచి రెండు బస్సులు మారి పోయింది. రాజవ్వ గేటు దగ్గర నిలబడి, బస్సు కోసం నడిచిపోయే కోడలి వీపు చూస్తూ "పైలం" అనడం నాకు వినిపించేది. ఆ గొంతులో మునుపటి ధీమా లేదు. దండ కట్టిన కారు వాకిట్లో ఉంది, కోడలు రోడ్డు మీద ఉంది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు. అంతకంటే గొడవ పడి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

ఆదివారం స్వరూప తమ్ముడు భాస్కరు వచ్చాడు. వరికోత మిషను నడుపుతాడు. అక్క ఫోను చేసి కోడికూర వండుతున్నాను రమ్మంది, అసలు పని చెప్పలేదు. వచ్చీ రాగానే చేతికి జాకీ ఇచ్చింది.

"కూర అన్నవ్ గదనే అక్కా."

"చక్రం లేపినంకనే కూర."

వేపచెట్టు నీడలో కారును నిలబెట్టి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీతో ముందు భాగం లేపారు. జాకీ జారినా మనిషి మీద పడకుండా ఓదెలు స్టెప్నీ టైరును బండి కిందికి దొర్లించాడు. భాస్కరు చక్రానికి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ముందుకూ వెనక్కూ ఊపాడు. ఇక నేను ఆగలేదు. టక్, టక్, టక్.

భాస్కరు మొహంలో నవ్వు పోయింది. "బావా, చెయ్యి పెట్టి సూడు. ప్లే ఉన్నది. పల్లు ఊడెటప్పుడు ఊగినట్టు ఊగుతున్నది."

ఓదెలు బోర్లా పడుకుని లోపలికి పాకాడు. ఆయన టార్చి వెలుతురు నా మొహం మీద పడింది. చిరిగిన తొడుగు, తుప్పు, ఎండిన మట్టి, అన్నీ ఒక్కొక్కటే చూశాడు. వేలితో నన్ను కదిపాడు. అరచేతిలో పెట్టుకుని వంచి చూసిన ఆ కార్ఖానా ఆమె తరవాత, నేను ఎలా ఉన్నానని చూసిన రెండో మనిషి ఓదెలు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక టార్చి ఆర్పాడు.

"కొత్తయి తెస్త. రెండు పక్కలవి," అన్నాడు.

కొట్టువాడు పాత నమూనా పేరు విని అటక మీద వెతికి ఇచ్చిన జత తీసుకుని వచ్చేసరికి ఎండ ఎక్కింది. అప్పుడు మొదలైంది అసలు తంటా. నేను అంత సులువుగా వస్తానా? ఇన్నేళ్లు పట్టుకుని ఉండటమే పనిగా బతికినవాణ్ని. పిన్ను తుప్పుపట్టి ముక్కలుగా వచ్చింది. నట్టుకు కిరసనాయిలు పోసి నానబెట్టి, పెద్ద పానా వేసి, పానాకు ఇనుప గొట్టం తొడిగి, ఇద్దరూ వేలాడారు. నట్టు వచ్చింది, నేను రాలేదు. ఇనుప దిమ్మలో నా మెడ కరుచుకుపోయింది.

భాస్కరు సుత్తె ఎత్తాడు. "జరుగు బావా. తీగెలు సుట్టుకునేటోనివి, నీకేం తెలుస్తది."

"నువ్వు కొడితె జాయింటు రాదు, కారు వస్తది మీద. ఆగు."

ఓదెలు లోపలికి పోయి తన దుకాణం పుల్లరు తెచ్చాడు. మోటార్లలో బేరింగులు లాగే పరికరం, పట్టుకునే కాళ్లు రెండు, మధ్యలో తిరిగే మర. దాని కాళ్లు దిమ్మకు తగిలించి, మరను నా మెడ చివరకు ఆనించి, మెల్లగా బిగించడం మొదలుపెట్టాడు. నొప్పి అని నేను అనను. అంత బిగుతు నాకు పుట్టినప్పటి నుంచి తెలియదు. "ఇప్పుడు పక్కకెళ్లి ఒక్క దెబ్బ కొట్టు బామ్మర్దీ, మెల్లగ," అన్నాడు. దిమ్మ పక్కవాటున సుత్తె దెబ్బ పడింది. ఠప్ మని నేను విడిపోయాను. వాళ్లిద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఎవరి మీద ఎవరు నెగ్గారన్నది కూర తినేటప్పుడు కూడా తేలలేదు.

అవతలి పక్కవాణ్నీ తీసి, గోనెసంచి మీద మా ఇద్దరినీ పక్కపక్కన పెట్టారు. పుట్టిన రోజు తరవాత ఇదే మేం కలవడం. వాడు ఇంకా కాస్త బిగుతుగానే ఉన్నాడు. నన్ను చూసి ఏమీ అనలేదు. అనకపోవడం మంచితనం.

రాజవ్వ చాయ్ తెచ్చింది. కప్పులు గట్టు మీద పెట్టి, నన్ను చేతిలోకి తీసుకుంది. కొత్త కన్ను దగ్గరికి తెచ్చుకుని, బొటనవేలితో నా మెడను కొంచెం వంచింది. గిన్నె అంచు నన్ను ఆపలేకపోయింది. నా తల మెత్తగా జారి ఆమె అరచేతిలో పడింది. ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో నేను. సుత్తె లేదు, పుల్లరు లేదు. ముసలామె బొటనవేలు చాలింది.

"గిది ఎన్నొద్దుల సంది గిట్లున్నదిరా?"

"నెలల సంది అయ్యుంటది అవ్వా."

"గిట్ల వదులైతె సప్పుడు రాదా?"

"వస్తది. గుంతల పడ్డప్పుడల్లా కొట్టుకుంటది."

"మరి మనకెందుకు ఇనవడలే?"

భాస్కరు నోరు తెరిచాడు. స్వరూప వాడివైపు చూసి, "తమ్మీ, ఆ పానా ఇటియ్యి" అంది. వాడు పానా ఇచ్చి ఊరుకున్నాడు. ఓదెలు చాయ్ కప్పు చేతుల మధ్య తిప్పుతూ, "నీ గవ్వలే కాపాడినయ్ అవ్వా, గింత అరిగినా ఊడలే సూడు" అన్నాడు. ప్రేమతో అన్న మాట. అబద్ధమని కూడా నేను గట్టిగా చెప్పలేను, కట్ట మీద నన్ను ఏం పట్టి ఉంచిందో నాకే తెలియదు. రాజవ్వ కొడుకు మొహం చూసింది, కోడలి మొహం చూసింది, ఆ తరవాత బంపరు మీద దండకేసి చూసింది. నన్ను గోనెసంచి మీద పెట్టలేదు, కొంగున ముడేసుకుని లోపలికి పోయింది.

సాయంత్రానికి కొత్తవాళ్లను బిగించి, చక్రాలు తొడిగి, ఓదెలు కారును చెరువు కట్ట దాకా తీసుకుపోయి వచ్చాడు. మర్నాడు స్వరూప బడి నుంచి వచ్చాక చక్రాల వరస, అదే అలైన్‌మెంటు, సరిచూపించాలని అనుకున్నారు. రాజవ్వ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని స్వరూప మొగుడితో అనడం వినిపించింది.

పొద్దున్నే స్వరూప తాళాలు పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి రాజవ్వ కారు ముందు కూర్చుని ఉంది. దండ ముడులు ఒక్కొక్కటే విప్పుతోంది. ఆ రోజు అమావాస్య కాదు.

"అత్తమ్మా, ఎందుకు ఇప్పుతున్నవ్? ఉండనియ్యి. బండి మంచిగైంది గదా."

"మంచిగైంది. మల్ల ఏదన్న అరగదా? ఇనుమే గదా." ఆమె చేతులు ఆగలేదు. "అది ఏమన్న జెప్తె నీకు ఇనవడాలె బిడ్డా."

స్వరూప పక్కన కూర్చుంది. "నీకు భయమైతది అత్తమ్మా."

"అయితది. పెద్దోడు పోయినప్పటి సంది అయితనే ఉన్నది. నా భయం నేను పడ్త తియ్యి. నీ చెవులు నీకుండాలె."

అవతలి చివర ముడి స్వరూప విప్పింది.

రాజవ్వ దండను గేటు కమ్మీకి కట్టింది. కట్టే ముందు కొంగు ముడి విప్పి నన్ను తీసి, నా మెడ చివర ఉందని చెప్పానే, ఆ బెజ్జంలోంచి నల్లదారం దూర్చి గవ్వల మధ్య నన్ను వేలాడదీసింది. "ఇన్నొద్దులు ఇడువకుంట పట్టుకున్నది. దీన్ని పారేస్తె పాపం," అంది, ఎవరితోనో తెలియదు. నా గిన్నె, నా తోటివాడు పాత ఇనుప సామాన్లవాడి తక్కెట్లోకి పోయారు. వాడికి నేను వీడ్కోలు చెప్పలేకపోయాను.

ఇప్పుడు నేను గేటు మీద ఉంటాను. గాలి వచ్చినప్పుడు గవ్వలతో కలిసి ఊగుతాను, పిచ్చుకలు వచ్చి నా మీద కూర్చుంటాయి. ఎన్నో ఏళ్లు మోసిన కారును మొత్తంగా చూసింది ఇక్కడికి వచ్చాకే. తెల్లగా ఉంటుందని వినడమే కానీ, అంత చిన్నదని నాకు తెలియదు. మనుషులు ఇప్పటికీ దాని ముందు నిలబడి రంగు గురించే అడుగుతుంటారు. స్వరూప మాత్రం బండి తీసిన ప్రతిసారీ మొదటి గుంత దాటేదాకా పాటలు పెట్టదు.

రోజూ పొద్దున కారు గేటు దాటుతుంటే రాజవ్వ "పైలం బిడ్డా" అంటుంది. అనగానే చెయ్యి చాచి, గవ్వల్నీ నన్నూ కలిపి దండ మొత్తాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుంటుంది, మేం చప్పుడు చేయకుండా. సందు చివరి గుంతలో కారు దిగి లేచి మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి వింటుంది. ఆమె అరచెయ్యి వెచ్చగా ఉంటుంది. కారు మలుపు తిరిగాక మమ్మల్ని వదిలిపెట్టి లోపలికి పోతుంది.